తొమ్మిది మాది

ఓడిపోవడంలో ఉన్న సుఖం గెలిచేవాళ్ళకి ఈ జన్మలో తెలియదు!

ఏడుపు దిగమింగుకుంటూ ఈ మాట అంటున్నానని అనుకునేరు. అబ్బే! మూడు పూటలా కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, మనస్ఫూర్తిగా అంటున్నాను. మొన్న శనివారం మా బూరంగాల్ ఫుట్‌బాల్ జట్టు మా గ్రౌండులో, మా బురదలో, మా జనం కళ్ళముందే పక్క ఊరు హార్టన్ చేతిలో ఓడిపోయింది. స్కోరు రెండు వందల పద్నాలుగు, తొమ్మిది.

తొమ్మిది మాది.

అచ్చుతప్పేమోనని పత్రిక ఆఫీసుకి ఫోన్లు చేయకండి. మా ఎడిటర్ గారే నాకు ఫోన్ చేసి, "మెర్వ్, తొంభైలో సున్నా ఏమైనా ఎగిరిపోయిందా?" అని అడిగారు. ఎగిరిపోయింది సున్నా కాదండీ, మా డిఫెన్సు అని చెప్పాను.

హార్టన్ వాళ్ళ జట్టుకి ఆంబోతులని పేరు. మా జట్టుకి తీతువులని పేరు. ఈ పేర్లు పెట్టిన పెద్దమనుషులు ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి వాళ్ళని నిలదీసే అవకాశం లేదు. ఆంబోతు మీదికి పిట్టని వదిలి, ఫలితం ఎలా ఉంటుందోనని ప్రతి ఏడూ టికెట్టు కొనుక్కుని మరీ చూసే జనం మేము. మాకున్నంత ఆశ లోకంలో ఇంకెవరికైనా ఉందా? చెప్పండి!

తీతువంటే గుర్తొచ్చింది. మా గ్రౌండు నడిమధ్యలో ఒక నిజం తీతువు ఏటా గుడ్లు పెడుతుంది. దాన్ని కదిపే దమ్ము ఎవరికీ లేదు. చుట్టూ నాలుగు పాత టైర్లు పడేసి ఆట కానిచ్చేస్తాం. శనివారం హార్టన్ కెప్టెన్ బంతి కోసం అటు పరిగెత్తాడో లేదో, అది కీచుమంటూ లేచి వాడి నెత్తి మీద టపీమని తన్నింది. వాడు బంతి వదిలేసి రెండు చేతులూ తల మీద పెట్టుకుని పారిపోయాడు. ఆ రోజు మా వైపు నుంచి హార్టన్‌ని అడ్డుకున్నది అదొక్కటే! ఉత్తమ ఆటగాడి బహుమతి దానికే ఇవ్వాలని క్లబ్బు కమిటీలో ప్రతిపాదన కూడా వచ్చింది. సభ్యత్వం లేదన్న కారణంగా వీగిపోయింది.

ఇంతకీ ఓటమి గురించి మాట్లాడటానికి నేనెవరిని అంటారా? నాకున్నంత అర్హత ఇంకెవరికీ లేదు. నేను బూరంగాల్ గోల్ అంపైర్‌ని. తెల్లకోటు తొడుక్కుని, ఆకాశానికి నిలబెట్టిన కర్రల మధ్య నిలబడతాను. మా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, గోలు మాత్రం కాలితోనే తన్నాలి. బంతి నడిమి కర్రల మధ్య నుంచి పోతే రెండు జెండాలు ఊపాలి. అది గోలు, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒక జెండా. అది తప్పిన గోలు, ఒక పాయింటు. ఎవరు కొట్టినా అంపైర్ మొహంలో సంతోషం గానీ దుఃఖం గానీ కనిపించకూడదు. ఇన్నేళ్ళలో నా మొహం ఎంత రాయిలా తయారైందంటే, మా ఆవిడ వంట బాగుందో లేదో తెలుసుకోవాలంటే నా జెండాలు తెచ్చి చేతికివ్వాల్సి వస్తోంది.

ఇక ఓటమి వల్ల కలిగిన లాభాలు వినండి.

మొదటిది నా భుజం. జూన్‌లో మా చలికాలం మొదట్లో పట్టేసి, చొక్కా తొడుక్కోవాలన్నా కేకలు పెట్టేవాణ్ణి. హార్టన్‌లో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి చేయి పైకెత్తండి, కిందికి దించండి అంటూ ఏవో వ్యాయామాలు చెప్పింది. నేను ఒక్కటీ చేయలేదు. శనివారం నా వైపు కర్రల మధ్య నుంచి హార్టన్ వాళ్ళ గోల్స్ వరసపెట్టి పోతుంటే రెండు చేతులతో ఊపీ ఊపీ ఊపీ... సోమవారానికి భుజం వెన్నలా తిరుగుతోంది! ఆ అమ్మాయి ముక్కున వేలేసుకుంది.

"ఏం చేశారండీ? ఇంత తొందరగా ఎవరికీ తగ్గలేదు!"

"నేనేం చేయలేదమ్మా. అంతా మీ ఊరి కుర్రాళ్ళే చేశారు."

రెండోది క్యాంటీన్. మా క్యాంటీన్ మహారాణి నోరీన్ హెగర్టీని అడగండి, లెక్కలేసి చెబుతుంది. జట్టు గెలుస్తుంటే జనం కంచె దగ్గరే అతుక్కుపోతారు, ఒక్కడూ తినడానికి రాడు. ఓడిపోతుంటే? సగం ఆట కాకముందే అందరూ మాంసం కూరిన వేడి వేడి మీట్ పైల దగ్గరకి వచ్చి పడతారు. దుఃఖానికి ఆకలెక్కువ. పైగా ఎంత ఓడితే అంత సాస్! శనివారం టమాటా సాస్ సీసాలన్నీ ఖాళీ అయిపోతే, నోరీన్ ఇంటికెళ్ళి తన సొంత సీసా తెచ్చి పెట్టింది. అది చాలా పెద్ద విషయం. ఆవిడ తన మొగుడికి కూడా ఆ సీసా ఇవ్వదు.

మూడోది కారు బ్యాటరీలు. మా దగ్గర గ్రౌండు చుట్టూ కంచెకి మూతి ఆనించి కార్లు నిలబెట్టుకుంటాం. వాన పడినా చలేసినా లోపల కూర్చునే ఆట చూస్తాం. మన జట్టు గోలు కొడితే హారన్లు మోగించాలి. అదే మా చప్పట్లు. గెలిచే ఊళ్ళలో పాపం మాటిమాటికీ హారన్లు కొట్టీ కొట్టీ బ్యాటరీలు పడుకుంటాయి. మాకా బెడద లేదు. నా కారు బ్యాటరీ కొత్తలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

అయితే శనివారం ఒక ప్రమాదం జరిగింది. రెండో క్వార్టరులో, జట్లు వైపులు మారి మావాళ్ళు నా కర్రల వైపు తన్నుతుండగా, మేము గోలు కొట్టాం!

కొట్టింది నెవిల్ స్టోక్. బంగాళదుంపల రైతు. వయసు నలభై ఆరు, మోకాళ్ళ వయసు డెబ్బై. పక్కన ఖాళీగా ఉన్న మావాడికి అందిద్దామని తన్నాడు. బంతి అతని బూటుకి ఎక్కడ తగిలిందో గానీ గిరగిరా తిరుగుతూ వచ్చి సరిగ్గా నా ముక్కు ముందు నుంచి, నడిమి కర్రల మధ్య నుంచి వెళ్ళిపోయింది. నేను రాయి మొహంతో రెండు జెండాలు ఊపాను. అంతే! గ్రౌండు చుట్టూ ఉన్న హారన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. మోగుతూనే ఉన్నాయి. ఆట మళ్ళీ మొదలై, హార్టన్ వాళ్ళు ఇంకో గోలు కొట్టేశాక కూడా మోగుతూనే ఉన్నాయి. సాయంత్రం మా వాళ్ళ కార్లు చాలా వరకు స్టార్టు కాలేదు. హార్టన్ అభిమానులే పెద్దమనసు చేసుకుని వైర్లు తగిలించి స్టార్టు చేసి పెట్టారు. ఒక్క గోలుకే ఇంత నష్టం జరిగితే, గెలిస్తే ఊరు ఊరంతా నడిచి ఇళ్ళకి పోవాల్సిందేగా?

నాలుగోది సెప్టెంబరు. గెలిచేవాళ్ళకి సెప్టెంబరు నెలంతా ఫైనల్స్. గోళ్ళు కొరుక్కోవడం, గుండెదడ, మోకాలి నొప్పి ఎవరికి, తొడ పట్టేసింది ఎవరికి అని ఆరాలు. మాకు ఆగస్టు చివరికల్లా చేతులు దులుపుకోవడమే! ఇంటికి సున్నాలేసుకుంటాం, దుంపలు నాటుకుంటాం, పెళ్ళాం పిల్లల మొహాలు గుర్తుపడతాం. మా ఊళ్ళో దంపతులు అంత అన్యోన్యంగా ఉండటానికి మా జట్టే కారణమని నా గట్టి నమ్మకం.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు మా ఆటే ఓడేవాళ్ళ కోసం కనిపెట్టిన ఆట! గురి తప్పితే తిట్టే ఆటలున్నాయి, పెనాల్టీ వేసే ఆటలున్నాయి. గురి తప్పినవాడికి, "పోనీలే నాయనా, ప్రయత్నించావుగా" అని ఒక పాయింటు చేతిలో పెట్టే ఆట ఇంకోటుందా? మా తొమ్మిదిలో ఆరు నెవిల్ పొరపాటున కొట్టినవి. మిగిలిన మూడూ మేము నిజంగా గోలు కొట్టాలని ప్రయత్నించి తప్పినవి. అంటే మా స్కోరు మొత్తం పొరపాట్లతో కట్టిన ఇల్లు. అయినా నిలబడింది కదా?

ఇన్ని సుఖాల మధ్య ఒక్కటే ఒక్క చిన్న చిక్కు ఉంది. దాని సంగతి కూడా చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు.

మా ఆటలో ప్రతి క్లబ్బుకీ ఒక పాట ఉంటుంది. గెలిచాక ఆటగాళ్ళంతా డ్రెస్సింగ్ రూములో ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, గుండ్రంగా నిలబడి, రేకులు ఎగిరిపోయేలా పాడతారు. గెలిస్తేనే పాడాలి. పుట్టినరోజుకి పాడకూడదు, పెళ్ళికి పాడకూడదు, ఎంత తాగినా పాడకూడదు. మినహాయింపు ఒక్కటే. క్లబ్బు సభ్యుడెవరైనా పోతే, శవపేటిక దగ్గర నిలబడి పాడొచ్చు.

మేము ఆఖరిసారి గెలిచినప్పుడు నెవిల్‌కి నెత్తిన జుట్టుండేది. కాబట్టి ఇప్పటి మా జట్టులో సగం మందికి మా పాట రాదు. మిగిలిన సగానికి సగం పాటే వచ్చు. మూడో వరసలో "బురదలో పుట్టాం" అనాలా, "వరదలో పుట్టాం" అనాలా అని ఊరు రెండుగా చీలిపోయింది. బురద వర్గం, వరద వర్గం ఒకళ్ళ దుకాణంలో ఒకళ్ళు రొట్టె కూడా కొనరు.

పాట మొత్తం తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడు. క్లారీ పెంగెల్లీ. ఎనభై దాటాయి. ఒకప్పుడు మా జట్టుకి ఫుల్‌బ్యాక్, అంటే గోలు ముందు ఆఖరి కాపలా. ఆయన్ని దాటి బంతి పోవాలంటే ముందు అనుమతి అడగాలనేవారు. మరి ఆయన్నే అడిగేస్తే బురదో వరదో తేలిపోతుంది కదా అంటారా? అడగకుండా ఉంటామా! "గెలిచి రండి, చెబుతాను," అంటాడు.

క్లారీకి కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవిలో మిషను పెట్టుకుంటాడు. వచ్చే వేసవికల్లా అది పెట్టుకున్నా లాభం ఉండదని హార్టన్ డాక్టరమ్మ చెప్పేసింది. ఆయనకి ఇంక కోరికలేం లేవు. ఆ చెవి మూసుకుపోయేలోపు మా గ్రౌండులో, మా కుర్రాళ్ళ గొంతుల్లో, మా పాట ఒక్కసారి వినాలి. అంతే. పెద్దమనిషి ఇంత చిన్న కోరిక కోరితే జట్టుకి జట్టు, పద్దెనిమిది మంది కలిసి తీర్చలేకపోతున్నాం.

ఆటకి రెండు రోజుల ముందు, గురువారం ప్రాక్టీసు అయ్యాక క్యాంటీన్‌లో దీని మీద పెద్ద చర్చే జరిగింది.

"ఆట డ్రా అయితే పాడొచ్చా?" అని నోరీన్ అడిగింది.

"డ్రా అయితే సగం పాడొచ్చు," అన్నాడు నెవిల్.

"ఏ సగం?"

"మనకి వచ్చిన సగం."

"అంత సంబడం కూడా లేదుగానీ," అంది నోరీన్. "క్లారీ, నేనొక మాట చెబుతా, కోప్పడకు. నువ్వు ఒక్క పది నిమిషాలు పోయినట్టు బల్ల మీద పడుకో. మేము చుట్టూ నిలబడి పాడేస్తాం. రూలుకి రూలు, పాటకి పాట."

"నీ మీట్ పై తిన్నాక చాలాసార్లు ఆ దరిదాపుల దాకా వెళ్ళొచ్చాను నోరీన్," అన్నాడు క్లారీ. "ఏ పాటా వినపడలేదు."

"నా పైలని ఏమన్నా అంటే ఊరుకోను!"

"సరేలే. నేను పోయినరోజు ఎలాగూ పాడతారు. ఆ రోజు చెవులు రెండూ మూసుకునే ఉంటాయి. అదీ నా ఏడుపు. ముందు గెలవండ్రా, బతికుండగా!"

నెవిల్ తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. 

ఇక శనివారానికి రండి. క్లారీ పాత డొక్కు బండి ఎప్పుడూ నా గోలు వెనకాలే నిలబడుతుంది. ఆ చోటు ఆయనది, ఇంకెవరూ పెట్టరు. మధ్యాహ్నం ఎండ చక్కగా కాసింది. కింద బురద, పైన నీలాకాశం. హార్టన్ వాళ్ళ ముందువరసలో ఆడేవాడు మొదటి ఐదు నిమిషాల్లోనే బంతి ఎగిరి పట్టుకుని, తాపీగా నా నెత్తి మీదుగా గోలు కొట్టాడు. నేను జెండాలు ఊపాను. వెనక నుంచి కిర్రు కిర్రుమని చప్పుడు వినిపించింది.

తిరిగి చూస్తే, క్లారీ బండి వైపర్లు ఊగుతున్నాయి. పొడి అద్దం మీద. చక్కటి ఎండలో.

ఆ ముందువరస కుర్రాడి పేరు జెడ్ పెంగెల్లీ. క్లారీ మనవడు. కిందటేడు దాకా మావాడే.

వాడు మళ్ళీ గోలు కొట్టాడు. నేను జెండాలు ఊపాను, వైపర్లు ఊగాయి. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఊగాయి. వేరేవాళ్ళు కొడితే మాత్రం కదలడం లేదు. పగవాడి గోలుకి హారన్ కొడితే మా ఊళ్ళో మనిషిని బతకనివ్వరు, ఆ సంగతి క్లారీకి తెలుసు. వైపర్ల గురించి మాత్రం మా రూల్సులో ఒక్క మాట లేదు!

మూడో క్వార్టరు విరామంలో నోరీన్ సాస్ సీసా చేత్తో పట్టుకునే బండి దగ్గరకి వచ్చింది.

"ఏమిటా వైపర్లు, క్లారీ?"

"ఏ వైపర్లు?"

"ఏ వైపర్లేమిటి, నీ బండివే! ఆ జెడ్‌గాడు గోలు కొట్టినప్పుడల్లా డాన్సు చేస్తున్నాయి. ఊరంతా చూస్తోంది."

"వాన పడుతోంది కదా."

"ఎక్కడ? చినుకు లేదు!"

"నా చెవులు పోయాయన్నారు, సరే. ఇప్పుడు కళ్ళు కూడా పోయాయంటావా? నాకు అద్దం మసకగా కనిపిస్తోందే!"

నోరీన్ అద్దం వైపు చూసింది, ఆయన కళ్ళ వైపు చూసింది. ఆయన చేతిలోని మీట్ పై మీద తన సొంత సీసాలోంచి ఇంత సాస్ పోసి వెళ్ళిపోయింది.

చివరి సైరన్ మోగింది. మా వాళ్ళు ఒక రూములోకి, హార్టన్ వాళ్ళు పక్క రూములోకి వెళ్ళిపోయారు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క తగరపు రేకు. హార్టన్ చేతిలో ఓడిన ప్రతిసారీ క్లారీ మా రూములోకి రాడు. పాల క్రేటు ఒకటి తిరగేసుకుని, హార్టన్ వాళ్ళ గోడకి బయట వీపు ఆనించి కూర్చుంటాడు. ఎండ కోసమనుకునేవాళ్ళం, ఈసారి మనవడి కోసమనుకున్నాం. శనివారం బండి స్టార్టు కాని వాళ్ళంతా వైర్లు వెతుక్కునే హడావుడిలో ఉంటే, నోరీన్ ఒక కప్పు బఠాణీ సూపు నా చేతికిచ్చి, "ముసలాయనకి ఇచ్చిరా," అంది. వెళ్ళాను.

లోపల ఆంబోతులు పాట మొదలెట్టారు. రేకు గోడ వణుకుతోంది. క్లారీ ఎడమ చెవిని గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతున్నాడు. నేను దగ్గరకి వంగి విన్నాను.

లోపల వాళ్ళు పాడుతున్నది వాళ్ళ పాట. ఈయన పాడుతున్నది మా పాట!

నిజానికి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. రెండు ఊళ్ళ పాటలదీ ఒకటే బాణీ. ఈ పాటలు కట్టినరోజుల్లో రెండు ఊళ్ళకీ కలిపి ఒకటే బ్యాండు ఉండేది. దానికి వచ్చిందీ ఒకటే బాణీ. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పట్టించుకోని సంగతి. ఇన్నేళ్ళూ మేము హార్టన్ చేతిలో ఓడిన ప్రతి శనివారం ఈ పెద్దాయన పగవాళ్ళ గొంతు అరువు తెచ్చుకుని, దాని కింద మా మాటలు పెట్టుకుని పాడుకుంటున్నాడు. చూశారా? ఓటమే లేకపోతే మా పాటకి ఆ మాత్రం దిక్కు కూడా ఉండేది కాదు. ఈ లాభం నా జాబితాలో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు.

నా చేతిలో సూపు చల్లారిపోతోంది. లోపల పాట ఆఖరి వరసకి వచ్చింది. ఆ వరస మా పాటలో, "తల దించని తీతువులం మేమే!" వాళ్ళ పాటలో, "ఎదురులేని ఆంబోతులం మేమే!" అందరూ గుండెలనిండా ఊపిరి పీల్చుకుని అరిచే వరస అది. లోపల అరిచారు.

"ఎదురులేని... తీతువులం మేమే!"

ఒక్కసారిగా లోపల చప్పుడు ఆగిపోయింది.

ఒక్క గొంతు తప్పు పాడితే ఎవరికీ వినపడదు. అది ఒక్క గొంతు కాదు. సగం రూము ఆంబోతులంటుంటే సగం రూము తీతువులంది. గోడకి ఇవతల నాకు తీతువులే గట్టిగా వినపడ్డాయి.

"ఎవడ్రా అది?" అని వాళ్ళ కోచ్ గాండ్రించాడు.

"సారీ కోచ్, నోట్లోంచి అదే వచ్చేసింది," అని ఒక గొంతు.

"వాడి నోట్లోంచి సరే, నీ నోట్లోంచి ఎందుకొచ్చిందిరా?"

"వాడు అన్నాడు కదాని నేనూ అనేశా, కోచ్."

"మరి నువ్వో?"

"చిన్నప్పట్నుంచీ అదే కదండీ..."

తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే రూము రూమంతా పగలబడి నవ్వింది. కోచ్ ఏమేం తిట్టాడో ఈ పత్రికలో రాయడం కుదరదు.

క్లారీ చెవిలోంచి మిషను తీసి, అరచేతిలో రెండు దెబ్బలు కొట్టి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మెర్వ్, ఇది చెడిపోయినట్టుంది. వాళ్ళేమన్నార్రా?"

"నువ్వు విన్నదే అన్నారు."

"తీతువులనా?"

"తీతువులనే."

ఆయన కప్పు అందుకుని తాగాడు. సూపు చల్లగా ఉందని కూడా తిట్టలేదు.

కాసేపటికి జెడ్ తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. తాతని చూసి ఆగిపోయాడు.

"తాతా, నువ్విక్కడున్నావా? విన్నావా?"

"ఏం వినాలిరా?"

"ఏం లేదులే. కోచ్ మండిపడుతున్నాడు. వచ్చేవారం నన్ను బయట కూర్చోబెడతాడేమో."

"కూర్చోబెడితే మన బండిలో కూర్చో. ముందుసీటు ఖాళీయే."

"నీ వైపర్లకేమైంది తాతా? ఎండలో ఊగుతున్నాయి!"

"అవి పాడైపోయాయి. నువ్వు పో, చలిలో నిలబడకు."

మంగళవారం కమిటీ కూర్చుంది. చర్చించాల్సిన అంశం ఒక్కటే. శనివారం మా పాట పాడినట్టా, పాడనట్టా? గెలిచినవాళ్ళే పాడారు. మా గ్రౌండులోనే పాడారు. మా మాటే పాడారు. రూలు ప్రకారం అన్నీ సరిపోయాయని నెవిల్ వాదించాడు. పాడింది ఒక్క మాటే కదా, మిగతా పాట సంగతేమిటని నోరీన్ బల్ల గుద్దింది. చివరికి క్లారీనే అడిగారు.

"ఒక్క మాట విన్నాను," అన్నాడు క్లారీ. "బాగుంది. మిగతాది కూడా వింటాను."

అందుకే ఈ వారం కాలమ్ రాస్తున్నాను.

ఇంత పొడుగు రాశానుగానీ, ఒక సంగతి ఇంతవరకు దాచాను. మా కంటే బలమైన జట్టు చేతిలో ఓడామని అందరూ మమ్మల్ని ఓదారుస్తున్నారు. ఆ బలమెక్కడిది? హార్టన్‌లో గ్రౌండుకి లైట్లున్నాయి, వేడినీళ్ళ షవర్లున్నాయి, ఆడేవాడికి ఊళ్ళో ఉద్యోగం చూపించే పెద్దమనుషులున్నారు. మా పిల్లాడికి మీసం మొలవగానే మర్యాదగా వచ్చి, మర్యాదగా టీ తాగి, మర్యాదగా తీసుకుపోతారు. శనివారం మైదానంలో దిగిన హార్టన్ ఆటగాళ్ళు పద్దెనిమిది మంది. కర్రల మధ్య నిలబడి నేను మావాళ్ళని ఒక్కొక్కణ్ణీ నడకని బట్టి గుర్తుపట్టాను. మా ఊరి పిల్లల జట్టుకి కోచ్‌గా ఉండి వాళ్ళ బూట్ల లేసులు కట్టింది ఈ చేతులే. ముక్కులు తుడిచిందీ ఈ చేతులే. వాళ్ళు గోలు కొడితే రాయి మొహం పెట్టుకుని జెండాలు ఊపిందీ ఇవే. ఆ పద్దెనిమిదిలో తొమ్మిది మాది.

రాయి మొహం పెట్టడం అంత తేలిక కాదండీ. కడుపు మండిపోయింది. జెడ్‌గాడు బంతి పట్టిన తీరు చూసి గర్వం కూడా వేసింది. రెండూ ఒకేసారి రావడంతో ఎటు పోవాలో తెలియక జెండాలు మరీ గట్టిగా ఊపాను. భుజం అలా బాగుపడింది.

కాబట్టి హార్టన్ క్లబ్బు పెద్దలకి మనవి. ఓటమి ఎంత గొప్ప భాగ్యమో పైన వివరంగా నిరూపించాను. మీకు భుజం నొప్పులు లేవా? మీ క్యాంటీన్‌లో సాస్ మిగిలిపోవడం లేదా? సెప్టెంబరులో మీ ఇళ్ళకి సున్నాలు వేయక్కర్లేదా? ఇంత సుఖం మేమొక్కళ్ళమే ఏళ్ళ తరబడి అనుభవించడం చాలా స్వార్థం. మాకు సిగ్గుగా ఉంది. ఆగస్టు ఆఖరి శనివారం మీరు మళ్ళీ మా గ్రౌండుకి వస్తున్నారు. ఆ ఒక్కరోజు ఈ భాగ్యం మీరు తీసుకోండి. మేము ఏమీ అనుకోం.

ఎలా తీసుకోవాలో తెలియకపోతే దారి కూడా నేనే చెబుతాను. ఆ తొమ్మిది మందినీ ఆ ఒక్క మధ్యాహ్నానికి మా రూములో దింపి వెళ్ళండి. ఆట కాగానే, స్నానాలు చేయించి మరీ, జాగ్రత్తగా తిప్పి పంపిస్తాం.

పాట నేర్పడానికి టైము సరిపోతుందా అని మీరేం బెంగ పెట్టుకోవద్దు. బాణీ ఎలాగూ ఒకటే. అసలు మాట వాళ్ళకి వచ్చు.